విశాఖలో వేసవి మొదట్లో పిట్ట పిల్లల్ని చూడాలంటే

మీరు అడిగినవి మూడు. ఎంవీపీ కాలనీలో మీ బాల్కనీలో, కరివేపాకు కుండీలో బుల్బుల్, అంటే మన పిగిలిపిట్ట గూడు పెట్టింది. సెలవుల్లో ఇంట్లో ఉన్న పిల్లలకు దాన్ని ఎలా చూపించాలి? ఊళ్లో ఈ రోజుల్లో ఇంకా ఏ పిట్టల పిల్లలు కనిపిస్తాయి, ఎక్కడికి వెళ్లాలి? అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో దొరికిన గోరింక పిల్లను వాచ్‌మన్ అట్టపెట్టెలో పెట్టి పాలు పట్టిస్తే తెల్లారేసరికి చచ్చిపోయింది. అలాంటప్పుడు ఏం చెయ్యాలి? చివరిదే ముందు చెబుతాను. ఏప్రిల్, మే వచ్చాయంటే తెలిసినవాళ్ల నుంచి నాకు వచ్చే ఫోన్లు ఎక్కువగా దాని గురించే.

ఆ గోరింక పిల్లకు తల్లీతండ్రీ ఆ చుట్టుపక్కలే ఉండి ఉంటారు. చిన్న పిట్టల్లో చాలావాటి పిల్లలు ఎగరడం పూర్తిగా రాకముందే గూడు దిగిపోతాయి. ఆ తర్వాత కొన్ని రోజులు నేల మీదా, పొదల్లోనూ, పిట్టగోడల మీదా గెంతుతూ తిరుగుతాయి. తల్లీతండ్రీ అక్కడికే వచ్చి మేత పెడతాయి. చూసేవాళ్లకు ఇది గూట్లోంచి జారి పడిపోయినట్టు ఉంటుంది కానీ, పిట్టల లెక్కలో ఇదే క్షేమం. నాలుగు పిల్లలు ఒకే గూట్లో అరుస్తూ కూర్చుంటే పాముకో కాకికో ఒక్కసారిగా నాలుగూ దొరికిపోతాయి. తలో దిక్కూ చెదిరితే అన్నీ ఒకేసారి పోవు.

గూడు దిగిన పిల్లను గుర్తుపట్టడం సులువే. ఒంటి నిండా ఈకలుంటాయి, తోక మాత్రం మొండిగా ఉంటుంది. నోటి మూలల్లో పసుపు పచ్చటి మడత కనిపిస్తుంది. కాళ్ల మీద నిలబడుతుంది, దగ్గరికి వెళితే గెంతుతుంది, ముట్టుకోబోతే గట్టిగా అరుస్తుంది. ఇలాంటి పిల్లను ఇంట్లోకి తీసుకెళ్లకండి. కార్లు తిరిగే చోట ఉంటే రెండు చేతులతో మెల్లగా పట్టుకుని, ఐదారు గజాల లోపే ఉన్న పొదలోనో, నీడలో ఉన్న కొమ్మ మీదో పెట్టండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి మళ్లీ దగ్గరికి రానివ్వదన్న మాట మన ఇళ్లలో బాగా పాతుకుపోయింది. అది నిజం కాదు. పిట్టలు పిల్లల్ని గుర్తుపట్టేది అరుపును బట్టీ, ఉన్న చోటును బట్టీ. అసలు అడ్డు ఏమిటంటే, మీరు పక్కనే నిలబడి ఉన్నంతసేపూ తల్లి దిగదు. అపార్ట్‌మెంట్ జనమంతా చుట్టూ చేరి ఫోన్లు పట్టుకుని, "పాపం, తల్లి రావడం లేదు" అనుకుంటూ ఉంటారు. అది పైన కేబుల్ వైరు మీద కూర్చుని, నోట్లో మిడత పట్టుకుని వీళ్లెప్పుడు పోతారా అని చూస్తూ ఉంటుంది. అందరినీ పంపించేసి, మొదటి అంతస్తు కిటికీలోంచి ఓ గంట చూడండి.

ఈకలు రాకుండా, ఎర్రగా, కళ్లు మూసుకుని ఉన్న పిల్ల దొరికితే సంగతి వేరు. దానికి గూడు కావాలి. గూడు అందితే తిరిగి అందులో పెట్టేయండి, ఆలోచించక్కర్లేదు. గాలివానకు గూడే ఊడిపోతే, చిన్న బుట్టకో కొబ్బరి చిప్పకో అడుగున చిల్లులు పెట్టి, ఎండు గడ్డి పరిచి, పాత గూడున్న కొమ్మకే దగ్గరగా, ఎండ తగలకుండా కట్టండి. తల్లి ఆ కొత్త గూటికి వస్తుందో లేదో దూరం నుంచి గమనించండి. చాలాసార్లు వస్తుంది. మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు ఉన్నట్టుండి ఉరుముతూ గాలి లేస్తుంది కదా, మామిడికాయలు రాల్చే గాలి. అది వచ్చిన మర్నాడు పొద్దున్నే చెట్ల కింద ఒకసారి చూసి రండి.

ఇక పాల సంగతి. పిట్టలకు పాలు అరగవు. అంతకన్నా ప్రమాదం, దేన్నయినా డ్రాపర్‌తో నోట్లో పొయ్యడం. పిట్ట నోరు తెరిచినప్పుడు చూస్తే నాలుక మొదట్లోనే ఊపిరి గొట్టం రంధ్రం కనిపిస్తుంది. మనం పోసిన చుక్క అందులోకి పోతే ఊపిరితిత్తుల్లోకి దిగిపోతుంది. వాచ్‌మన్ మంచి మనసుతోనే చేశాడు, ఆయన్ని ఏమీ అనకండి. పాలు, నీళ్లు, బ్రెడ్డు, అన్నం ఏవీ వద్దని ఈసారికి చెప్పి ఉంచండి చాలు.

ఏ పిల్లనూ పట్టుకోకూడదని కాదు. పిల్లి నోట పడి వచ్చిన పిల్లకు పైకి గాయం కనిపించకపోయినా ఆగకండి. పిల్లి పంటి గాటు సూది గుచ్చినట్టు సన్నగా ఉంటుంది, దాని నోటి క్రిములతో పిట్ట ఒకటి రెండు రోజుల్లోనే పోతుంది. రెక్క వేలాడుతున్నా, ఒంటికి చీమలు పట్టినా అంతే. గాలి ఆడే అట్టపెట్టెలో గుడ్డ పరిచి, చీకటిగా, చప్పుడు లేని చోట పెట్టి పశువుల డాక్టరుకో అటవీ శాఖ వాళ్లకో అప్పగించండి. రెండో మినహాయింపు స్విఫ్ట్ పిట్టలు. ఫ్లైఓవర్ల కిందా పాత భవనాల కప్పుల కిందా గుంపుగా గూళ్లు కట్టేవి కొన్ని, తాటి మట్టలకు అంటించి కట్టేవి కొన్ని. వీటి కాళ్లు మరీ పొట్టివి, పట్టుకుని వేలాడడానికే తప్ప నడవడానికి పనికిరావు. కాబట్టి నేల మీద కనిపించిన స్విఫ్ట్ పిల్ల ఏదో ఇబ్బందిలో ఉన్నట్టే. దాన్ని గాలిలోకి విసిరి ఎగిరించబోకండి.

ఇప్పుడు మీ బాల్కనీకి వద్దాం. నిజానికి మీరు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, మంచి సీటు మీ ఇంట్లోనే ఉంది. పిగిలిపిట్ట రెండో మూడో గుడ్లు పెడుతుంది. లేత గులాబీ రంగు మీద ఎర్ర మచ్చలుంటాయి. పొదగడానికి దాదాపు రెండు వారాలు, పిల్లలు గూట్లో ఉండేది ఇంచుమించు పన్నెండు రోజులు. అంటే మొత్తం కథ నెల లోపే అయిపోతుంది. మీ పిల్లల చేత మొదటి రోజు నుంచే ఒక నోటుబుక్కు పెట్టించండి. టైము, వచ్చింది ఒకటా రెండా, నోట్లో ఏముంది, ఇంతే రాస్తే చాలు.

చూడవలసింది గూడు లోపల కాదు, వచ్చిపోయే పెద్ద పిట్టల్ని. ఇది నేను పదేపదే చెప్పే మాట. తల్లి గూట్లో కూర్చుని గంటల తరబడి లేవకపోతే గుడ్లున్నాయి. ఇద్దరూ పురుగులు పట్టుకుని వస్తూ పోతూ ఉంటే పిల్లలు బయటికొచ్చేశాయి. వచ్చేటప్పుడు పురుగు తెచ్చి, వెళ్లేటప్పుడు ముక్కున తెల్లటి మెత్తటి ముద్ద ఒకటి పట్టుకెళుతుంటే, అది పిల్లల రెట్ట. చిన్న పిల్లల రెట్ట పల్చటి పొర సంచీలో వస్తుంది. తల్లి దాన్ని ముక్కుతో పట్టుకుని దూరంగా పారేసి వస్తుంది. గూడు కంపు కొట్టకుండా, శత్రువులకు ఆనవాలు దొరక్కుండా ఈ ఏర్పాటు. పిల్లలకు దీన్ని చూపించండి, టీవీ దగ్గరికి వెళ్లరు.

మిట్టమధ్యాహ్నం ఇంకో దృశ్యం ఉంటుంది. పడమటి గాలి గట్టిగా కొట్టి సముద్రపు గాలి లోపలికి రాని రోజుల్లో మన ఊరు ఎలా ఉడుకుతుందో తెలుసు కదా. ఆ రోజు తల్లి గూటి అంచున నిలబడి, రెక్కలు సగం విప్పి పిల్లల మీద నీడ పడేలా పెడుతుంది. నోరు తెరిచి గసపోస్తూ ఉంటుంది. అది చూసి నీళ్లు తీసుకెళ్లి గూడు పక్కన పెట్టాలనిపిస్తుంది. పెట్టొద్దు. బాల్కనీకి రెండో మూలన లోతు లేని మట్టి ప్రమిదలో పెట్టండి. గూటికి దగ్గరగా నీళ్లుంటే కాకులు కూడా తాగడానికి వస్తాయి, వచ్చి చూసేస్తాయి.

కుర్చీ గదిలోపలే వేసుకోండి. తలుపు అద్దానికి పల్చటి కర్టెన్ వేసి, సందులోంచి చూడండి. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకా మేత జోరుగా సాగుతుంది, సాయంత్రం మళ్లీ కాసేపు. కరివేపాకు ఈ నెల పక్కింట్లో అడిగి తెచ్చుకోండి. కుండీకి నీళ్లు మొక్క మొదలు దగ్గరే, తల్లి మేతకు వెళ్లినప్పుడు పొయ్యండి. పనిమనిషికీ ఈ విషయం చెప్పండి. బట్టలు ఆరేసే దండెం వేరే చోటికి మార్చండి.

ఫోన్‌తో ఫొటో తియ్యాలనుంటే మొదటి వారంలో తల్లి లేనప్పుడు ఒక్కసారి తీసి వచ్చేయండి, ఫ్లాష్ వద్దు. పిల్లలకు ఈకలు వచ్చాక, ఎనిమిది తొమ్మిది రోజులు దాటాక మాత్రం చెయ్యి చాపొద్దు. ఆ వయసులో ఏ నీడ మీద పడ్డా ప్రాణభయంతో గూట్లోంచి దూకేస్తాయి. మీది మూడో అంతస్తు. నెట్‌లో వచ్చే ముద్దు ముద్దు గూటి వీడియోలు నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే. ఆ వీడియో అయిపోయాక ఏం జరిగిందో అందులో ఉండదు.

దిగిన పిల్లలకు పెద్దవాటిలా తోక కింద ఎర్రటి కుంకుమ మచ్చ ఉండదు, అక్కడ వెలిసిన నారింజ రంగు ఉంటుంది. తల మీద జుట్టు కూడా సరిగా నిక్కదు. రెండు మూడు వారాలు మీ వీధిలోనే, రెక్కలు వణికిస్తూ తల్లి వెంట పడుతూ కనిపిస్తాయి. ఆ రెక్కల వణుకు ఒకసారి గుర్తుపట్టారంటే ఏ పిట్ట పిల్లనైనా రోడ్డు అవతలి నుంచి పోల్చుకోగలరు. గోరింక పిల్లయినా పిచ్చుక పిల్లయినా మేత అడిగే తీరు అదే.

ఊళ్లో మిగతా పిట్టల గురించి. ఉగాది దగ్గర నుంచి సింహాచలం చందనోత్సవం దాటేదాకా మన దగ్గర మంచి రోజులు. వేపలకు, కానుగలకు కొత్త చిగురు, దాని మీద పురుగులు; రావి, మర్రి పళ్లు. గింజలు తిని బతికే పిచ్చుక కూడా పిల్లలకు పురుగులే పెడుతుంది, తేనె తాగే తేనెపిట్ట సాలీళ్లను ఏరి తెచ్చి పెడుతుంది. ఒళ్లు పెరగాలంటే మాంసకృత్తులు కావాలి కదా.

అన్నిటికన్నా ఆసక్తిగా ఉండేది కాకి, కోయిల వ్యవహారం. దానికి టికెట్టూ లేదు, బైనాక్యులర్సూ అక్కర్లేదు. కాకులు వేసవిలోనే గూళ్లు కడతాయి. పుల్లలు చాలకపోతే కట్టుబడి కాడ పడేసిన ఇనుప తీగలూ తెచ్చుకుంటాయి. కోయిల అదే సమయం చూసుకుని ఆ గూట్లో గుడ్డు పెడుతుంది. మగ కోయిల గూటి దగ్గరికొచ్చి కాకుల్ని రెచ్చగొట్టి వెంట తిప్పుకుంటే, ఒంటి మీద చుక్కలు, చారలు ఉన్న ఆడది ఆ సందులో పని కానిస్తుంది. కోయిల గుడ్డు కాకి గుడ్డు కన్నా ముందే పొదిగిపోతుంది కాబట్టి మేతలో దానిదే పైచెయ్యి. మే నెలలో మీ వీధిలో ఒక కాకి ఎవరికో మేత పెడుతుంటే పరీక్షగా చూడండి. ఆ పిల్ల, కాకి కన్నా సన్నగా, తోక పొడుగ్గా, నల్లటి ఒంటి మీద లేత చుక్కలతో ఉంటే అది కోయిల పిల్లే. నోరు మాత్రం కాకి పిల్లలాగే ఎర్రగా తెరుస్తుంది, అరుపూ కాకి అరుపులాగే మొదలుపెడుతుంది.

దీనికి అనుబంధంగా ఇంకో సంగతి. ఈ రోజుల్లో కొన్ని చెట్ల కింద నుంచి వెళితే కాకి వచ్చి నెత్తిన తన్నుతుంది. మనవాళ్లు శని పట్టిందని నవగ్రహాల గుడికి పరుగెత్తుతారు. వెళ్లి రండి, తప్పులేదు కానీ, వచ్చాక ఆ చెట్టు కింద చూడండి. నీలం బూడిద రంగు కళ్లతో కాకి పిల్ల ఒకటి కూర్చుని ఉంటుంది. ఓ వారం పది రోజులు గొడుగు వేసుకునో, పక్క వీధిలోంచో వెళ్లండి. అది కాస్త పెద్దదైతే కాకులే చల్లబడతాయి.

గోరింకలు తొర్రల్లో, గోడ కన్నాల్లో, వాడని ఏసీ పైపు సందుల్లో పెడతాయి. పిల్లలు దాదాపు మూడు వారాలకు పైగా లోపలే ఉంటాయి. పిచ్చుకల కోసం కొత్త అపార్ట్‌మెంట్ల మధ్య తిరిగి లాభం లేదు, పూర్ణా మార్కెట్ వైపు, జాలరిపేటల వైపు పాత ఇళ్ల మధ్య వెతకండి. దర్జీ పిట్ట మీ అపార్ట్‌మెంట్ గేటు పక్కన క్రోటన్ మొక్కలోనే ఉండొచ్చు: పెద్ద ఆకు అంచులు దూదితో, సాలీడు దారంతో కుట్టి, ఆ సంచిలో గూడు పెడుతుంది. గూడు కనపడదు, "టువీ టువీ" అని అంత చిన్న ఒంట్లోంచి అంత పెద్ద గొంతు వినపడుతుంది. తోటమాలి మొక్కలు కత్తిరించడానికి వచ్చేముందు ఆ మొక్కల్ని ఒకసారి చూసి పెట్టుకోండి. కరెంటు తీగల కింద కొమ్మలు కొట్టించే పనులు కూడా వానలు రాకముందే పెట్టుకుంటారు. గూడున్న కొమ్మను చూపించి ఒక వారం ఆపమంటే, అడిగే పద్ధతిలో అడిగితే, ఆపేవాళ్లు ఉన్నారు. పావురాల గురించి వేరే చెప్పక్కర్లేదు, ఏ నెలలో అయినా ఉంటాయి.

బయటికి వెళ్లాలంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రాంగణం నా మొదటి ఓటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఊరంతటినీ బోడి చేసినప్పుడు అక్కడా పాత చెట్లు చాలా పోయాయి. మిగిలినవి, తర్వాత ఎదిగినవి కలిసి ఇప్పుడు మళ్లీ నీడ ఉంది. ఎండు కొమ్మ అడుగున గుండ్రటి కన్నం కనిపిస్తే ఆగండి. "టుక్ టుక్ టుక్" అని ఎండలో ఆగకుండా కొట్టే కంసాలి పిట్ట ఇల్లు అది. పిల్ల పెద్దదైతే తల బయటికి పెట్టి మేత కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. చిన్న గుడ్లగూబలు శీతాకాలం నుంచే గుడ్లు పెడతాయి కాబట్టి, ఏప్రిల్ నాటికి సాయంత్రం చీకటి పడే వేళ తొర్ర బయట పిల్లలు వరసగా కూర్చుని మిమ్మల్ని చూస్తూ తలలు ఆడిస్తాయి.

తీతువు పిట్ట కోసం ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ జలాశయాల ఎండిన అంచులూ, మధురవాడ వైపు ఇంకా ఇళ్లు కట్టని గులకరాళ్ల లేఅవుట్లూ చూడండి. ఇది గూడే కట్టదు. నేల మీద చిన్న పల్లంలో నాలుగు గుడ్లు, రాళ్ల రంగులోనే. అడుగు తీసి అడుగు వేసేటప్పుడు చూసుకోవాలి. ఎండ మండిపోయేటప్పుడు పెద్ద పిట్ట నీళ్లలోకి దిగి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. దీని పిల్లలు గుడ్డులోంచి వచ్చిన కొన్ని గంటలకే నడిచేస్తాయి, మేత తామే ఏరుకుంటాయి. తల్లి కేక వేస్తే ఉన్నచోటే నేలకు అతుక్కుపోతాయి, మీ కాలి దగ్గరున్నా కనపడవు. కాబట్టి తీతువు మీ నెత్తి మీద తిరుగుతూ అరవడం మొదలుపెట్టిందంటే ముందుకు పోకండి, వచ్చిన దారినే వెనక్కి రండి.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల వైపు, మెత్తటి గట్లలో సొరంగాలు తవ్వి గుడ్లు పెట్టే చిన్న పసిరికలు, అంటే గ్రీన్ బీ-ఈటర్ పిట్టలు, ఉంటాయి. గట్లెక్కి కన్నాల్లోకి తొంగిచూడక్కర్లేదు. మే నెలలో పిల్లలే కరెంటు తీగ మీద వరసగా కూర్చుంటాయి. తోక మధ్య పొడుగు ఈక లేనివి పిల్లలు. కంబాలకొండ బాగుంటుంది కానీ, చిన్నపిల్లలతో మొదటిసారి వెళితే నిరుత్సాహపడతారు. అడవిలో పిట్టలు వినపడినంతగా కనపడవు. గిజిగాడి గూళ్లు ఇప్పుడు చూద్దామనుకుంటే పోయినేటివే వేలాడుతుంటాయి, వాటి కాలం వానలు పడ్డాక.

సామాన్ల మీద ఎక్కువ ఖర్చు పెట్టకండి. 8×42 బైనాక్యులర్స్, అంటే 8 రెట్లు పెద్దగా చూపించేది, ఒకటి ఉంటే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. 10 రెట్లవి పిల్లల చేతిలో వణుకుతాయి. కూత విని ఏ పిట్టో చెప్పే మెర్లిన్ యాప్ పెద్ద పిట్టల కూతలకు బాగా ఉపయోగపడుతుంది, పిల్లల అరుపులకు దాన్ని నమ్ముకోకండి. రికార్డు చేసిన కూతలు వినిపించి పిట్టను దగ్గరికి రప్పించడం ఈ రెండు నెలలూ అసలు వద్దు. మేత తేవాల్సిన తండ్రి లేని శత్రువు కోసం వెతుకుతూ తిరుగుతాడు. గూడున్న చోటు ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టకండి. రామచిలుక పిల్లనో గోరింక పిల్లనో పెంచుకుందామని మీ పిల్లలు అడుగుతారు, ఖాయం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం, గూళ్లూ గుడ్లూ పాడుచెయ్యడం కూడా.

కుండీ ఎప్పుడు జరపొచ్చని చివర్లో అడిగారు. ఆఖరి పిల్ల దిగాక ఒక వారం ఆగి, గూట్లోకి ఎవరూ రావడం లేదని చూసుకుని జరపండి. పిగిలిపిట్ట ఒక సీజన్‌లో రెండోసారీ గుడ్లు పెట్టొచ్చు, మామూలుగా దానికి కొత్త గూడే కట్టుకుంటుంది. పాత గూడు మీ పిల్లలు విప్పి చూస్తామంటే అప్పుడు విప్పనివ్వండి, చేతులు సబ్బుతో కడిగించండి. సాలీడు దారం ఎక్కడెక్కడ వాడిందో, వేరు పీచు ఏది, ప్లాస్టిక్ పోగు ఏది అని లెక్కపెట్టుకోవడానికి ఒక మధ్యాహ్నం సరిపోతుంది.